పనికి వెళ్ళాడు, ఆకుకు వెళ్ళాను

కిందటి నెలలో కాకినాడ నుంచి ఒక పాఠకురాలు ఉత్తరం రాశారు. వారి రెండో అమ్మాయి ఇంజనీరింగు పూర్తిచేసిందట. టోకియోలో ఒక కంపెనీవారు ఉద్యోగం ఇస్తామంటున్నారట. "అంత ముందుకు పోయిన దేశం కదా, అక్కడైనా ఆడపిల్లకీ మగపిల్లవాడికీ ఒకే జీతం, ఒకే మర్యాద వుంటాయా? పంపమంటారా, వద్దంటారా?" అని ప్రశ్న. పంపమనడానికీ వద్దనడానికీ నేనెవర్ని? అమ్మాయి ఇష్టం, మీ ఇష్టం. జపాను ఆడవాళ్ళ ఉద్యోగాల సంగతి రాయమంటే మాత్రం సంతోషంగా రాస్తాను.

చదివి రాసుకున్న కాగితాలు చాలానే పోగయ్యాయి గాని, ఎక్కడ మొదలుపెట్టాలో తోచలేదు. అంతలో మా పినతల్లిగారి అమ్మాయి రమ్మంటే అడ్డతీగల వెళ్ళి నాలుగు రోజులు వుండి వచ్చాను. ఆ అమ్మాయి అక్కడి బళ్ళో టీచరు. అక్కడి సంతలో ఒకావిడ అన్న మాటతో నా కాగితాల్లోని చిక్కు విడిపోయింది. అంచేత యీ వారం ముందు అడ్డతీగల, తర్వాత జపాను, ఆ పైన మళ్ళీ అడ్డతీగల. కాస్త ఓపిక పట్టండి.

అడ్డతీగల పేరు విననివారు మనలో తక్కువ. 1922లో అల్లూరి సీతారామరాజు దండు పోలీసు స్టేషన్ల మీద పడ్డప్పుడు చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగిల తర్వాత, ఆ అక్టోబరులో అడ్డతీగల వంతు వచ్చింది. కొండవాళ్ళ చేత రోడ్డుపని చేయించుకుని సరిగా కూలి ఇవ్వకపోవడం ఆ తిరుగుబాటుకు గల కారణాల్లో ఒకటని చదువుకున్నాం. కూలి తగాదా ఆ కొండలకు కొత్తది కాదన్నమాట.

ఊరి పేరులో వున్నది అడ్డతీగ. పెద్ద పెద్ద చెట్లను చుట్టుకుని కొసదాకా పాకే తీగ అది. ఆకు కొసన రెండుగా చీలి, గిట్ట ఆకారంలో, చేట చిన్నదైతే ఎలా వుంటుందో అలా వుంటుంది. మేమెప్పుడూ చూడలేదే అంటారేమో. అన్నవరం వెళ్ళి సత్యనారాయణస్వామి ప్రసాదం తెచ్చుకున్నవారందరూ చూసే వుంటారు. పొట్లం విప్పగానే నేతి వాసనతో కలిసివచ్చే ఆకు వాసన అదే. మన పెద్దల కాలంలో పెళ్ళిళ్ళకు అరిటాకు చాలనప్పుడు వేసిన కుట్టు విస్తళ్ళూ చాలావరకు అవే. ప్లాస్టిక్ పూత పూసిన కాగితం పళ్ళేలు వచ్చాక గిరాకీ తగ్గింది గాని పోలేదు.

ఆ ఆకు మన దాకా రావడం వెనక ఎంత చాకిరీ వుందో నేనూ ఇన్నాళ్ళు ఆలోచించలేదు. తెల్లవారకముందే అడవిలోకి పోవాలి. దగ్గరి తీగలు ఏనాడో ఖాళీ అయ్యాయి గనుక దూరం పోవాలి. లేత ఆకు చిరుగుతుంది, ముదురు ఆకు విరుగుతుంది. నడిమి ఆకు ఏరుకోవాలి. మోపు కట్టి నెత్తిన పెట్టుకుని దిగిరావాలి. ఇంటికొచ్చాక పురుగు తిన్నవి తీసేసి, మిగిలినవి ఒకదానిమీద ఒకటి పేర్చి, బరువు పెట్టి అణచాలి. తర్వాత సన్నటి పుల్లలతో విస్తళ్ళు కుట్టాలి. యీ కుట్టుడు పని చూడవలసిందే. రెండు ఆకుల అంచులు కలిపి పుల్ల గుచ్చి, వేలితో విరిచి, మళ్ళీ గుచ్చి, విరిచి—కళ్ళు పిల్లలమీద, నోరు పొరుగింటావిడతో కబుర్లమీద, చేతులు మాత్రం గడియారం ముళ్ళలాగా వాటి దారిన అవి. నేనొకటి కుట్టబోతే పుల్ల నా వేలికి గుచ్చుకుంది. పిల్లలంతా నవ్వారు.

సంతలో ఆకు కట్టలు ముందు పెట్టుకుని కూర్చున్న ఒకావిడ పక్కన చేరి పలకరించాను. ముప్పై అయిదేళ్ళుంటాయి కాబోలు.

"రోజుకెంత గిడుతుందమ్మా?" అన్నాను.

"రోజుకేంటండీ? కట్టకి" అంది.

"పోనీ, ఒక కట్టకి ఎన్నాళ్ళు పడుతుంది?"

ఆవిడ నా మొహంలోకి చూసి, యీ మనిషి ఏమిటిలా అడుగుతోంది అన్నట్టు నవ్వింది. "అదెవరు లెక్కెడతారండీ? పొద్దున్నే ఆకుకెల్తాను. వచ్చి వంట సేత్తాను. పొద్దోయాక కుడతాను. అయినప్పుడు అవుద్ది."

"మీ ఆయనో?"

"ఆడు పనికెల్లాడండి. సిమెంటు పనికి."

ఆయన పనికి వెళ్ళాడు. ఆవిడ ఆకుకు వెళ్ళింది. మాట చూశారా? ఆయన పొద్దున తొమ్మిదింటికి వెళ్ళి సాయంత్రం వస్తాడు. ఆవిడ కోడికూతతో లేచి రాత్రి దీపం దగ్గర కూడా పుల్ల గుచ్చుతూనే వుంటుంది. అయినా పనికి వెళ్ళింది ఆయనే. ఆవిడ అన్నది ఫిర్యాదుగా కాదు సుమండీ. మనం "చన్నీళ్ళకు వెళ్ళాను" అన్నంత మామూలుగా అంది.

ఆవిడ ఒక్కతే ఇలా అనుకుంటోందా? లేదు. సర్కారు లెక్కలూ అలాగే వున్నాయి. మన దేశంలో ఉద్యోగాల సర్వేలు చేసేవారికి ఒక అంకెల పట్టిక వుంది. అందులో 92 అంటే ఇంటిపని చూసుకునే మనిషి. 93 అంటే ఇంటిపనితోపాటు ఇంటి వాడకానికి కట్టెలు, కూరాకు, దుంపలు, పశువుల మేత పోగుచేసుకు వచ్చే మనిషి. యీ రెండు అంకెలవాళ్ళూ పనివాళ్ళ లెక్కలోకి రారు. ఆకు అమ్మితే పని, కట్టెలు పొయ్యిలోకి పెడితే పని కాదు. మోపు బరువు ఒకటే, ఎక్కిన కొండా ఒకటే.

ఇక జపాను.

జపాను స్త్రీలు మొన్న మొన్ననే గడప దాటి ఉద్యోగాలకు వచ్చారని చాలామంది అనుకుంటారు. 1872లో తొమియోకాలో వాళ్ళ ప్రభుత్వం పట్టునూలు ఫ్యాక్టరీ పెట్టినప్పుడే అందులో నూలు తీసినవారు ఆడపిల్లలు. ఆ దేశం ఓడలూ తుపాకులూ కొనుక్కున్న డబ్బులో చాలా భాగం వాళ్ళ వేళ్ళ సందున తీసిన పట్టుదారానిదే. బట్టల మిల్లుల్లో ఆడవాళ్ళ రాత్రిపని 1929 దాకా ఆగలేదు. అంచేత "ఆడవాళ్ళు పనిచేయాలా వద్దా" అన్న ప్రశ్న అక్కడా ఎన్నడూ లేదు. పనికి ఏ పేరు పెట్టాలి అన్నదే ప్రశ్న.

యుద్ధం తర్వాత 1947లో వచ్చిన కార్మిక చట్టం, ఆడదన్న కారణంచేత జీతం తగ్గించరాదని నాలుగో నిబంధనలో స్పష్టంగా చెప్పింది. యజమానులు ఏంచేశారు? జీతం మాట ఎత్తలేదు, కాలం కుదించారు. సుమితోమో సిమెంటు కంపెనీలో చేరే ఆడపిల్ల ఒక కాగితం మీద సంతకం పెట్టాలి: పెళ్ళయితే గాని, ముప్పై ఏళ్ళు నిండితే గాని రాజీనామా ఇస్తాను అని. ఒకావిడ పెళ్ళి చేసుకుంది, రాజీనామా ఇవ్వనంది, తీసేశారు, కోర్టుకెక్కింది. 1966 డిసెంబరులో టోకియో జిల్లా కోర్టు ఆ షరతు చెల్లదంది. అదే ఏడాది జనవరిలో మనకు ఇందిరాగాంధీ ప్రధానమంత్రి అయ్యారు. జపానుకు తొలి మహిళా ప్రధాని, తకాయిచి సనాయె, రావడానికి 2025 అక్టోబరు దాకా పట్టింది. అయినా మనం మీసం మెలేయడానికి లేదు (మనకు మీసాలు లేవనుకోండి). మన సంగతీ చెబుతాను, వుండండి.

నిసాన్ మోటారు కంపెనీలో ఆడవాళ్ళు మగవాళ్ళకంటే అయిదేళ్ళు ముందే రిటైరు కావాలి. 1981లో అక్కడి సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. 1985లో సమాన ఉద్యోగావకాశాల చట్టం చేశారు, మరుసటి ఏప్రిల్లో అమల్లోకి వచ్చింది. అసలు చమత్కారం అప్పుడు మొదలైంది. పెద్ద కంపెనీలు ఉద్యోగాలను రెండు దారులుగా చీల్చాయి. ఒకటి "సోగోషోకు": పై అంతస్తుకు పోయే దారి. రెండోది "ఇప్పన్‌షోకు": కాగితాలు సర్దడం, టెలిఫోన్లు, వచ్చినవారికి టీ ఇవ్వడం, ఎన్నేళ్ళయినా అదే కుర్చీ. మొదటి దారిలో ఆడా మగా ఎవరైనా చేరవచ్చు. దానికి షరతు ఒకటే—కంపెనీ ఏ ఊరికి బదిలీ చేస్తే ఆ ఊరికి, మారుమాట లేకుండా వెళ్ళాలి. షరతు అందరికీ సమానమే! పిల్లలు ఎవరి చేతిలో వుంటారో వారు తప్ప అందరూ ఒప్పుకోగలరు. ఆడవాళ్ళు రెండో దారి పట్టారు. "మేం ఆడవాళ్ళకు తక్కువ ఇవ్వడం లేదు, ఆ దారికి తక్కువ ఇస్తున్నాం" అన్నారు కంపెనీవారు. ఇలాంటి బదిలీ షరతుల చాటున ఆడవాళ్ళను తప్పించడాన్ని కూడా వివక్షగా లెక్కించడానికి చట్టాన్ని 2006లో సవరించవలసి వచ్చింది.

ఇంకో గోడ వుంది. భార్య సంపాదన ఏడాదికి 10 లక్షల 30 వేల యెన్లు దాటితే పన్ను లెక్కలు మారిపోయేవి. కొన్ని కంపెనీలు భర్తకు ఇచ్చే భార్య భత్యం కూడా ఆ గీతనే పట్టుకునేవి. డిసెంబరు వచ్చేసరికి దుకాణాల్లో పనిచేసే ఆడవాళ్ళు లెక్క చూసుకుని సెలవు పెట్టడం మొదలుపెట్టేవారు. 2025లో పన్ను గీతను పైకి జరిపారు. అలవాటు జరగడానికి కొన్నాళ్ళు పడుతుంది కాబోలు. నేటికీ ఉద్యోగం చేసే జపాను స్త్రీలలో సగానికి పైగా "పార్టు టైము" లాంటి కచ్చా ఉద్యోగాల్లోనే వున్నారు. పూర్తి ఉద్యోగాల్లో వున్నవారికీ మగవారి నూరు యెన్లకు 75, 78 యెన్ల మధ్యనే వస్తోంది.

2018లో బయటపడ్డ సంగతి విని మాత్రం నాకు ఒళ్ళు మండింది. టోకియో మెడికల్ యూనివర్సిటీవారు ప్రవేశ పరీక్షలో ఆడపిల్లల మార్కులు రహస్యంగా తగ్గిస్తూ వచ్చారు. ఆడ డాక్టర్లు పిల్లలు పుట్టగానే మానేస్తారని సాకు. మానేస్తారని తగ్గించడం, తగ్గించారు గనుక మానేయడం. గానుగెద్దు తిరిగినట్టు తిరిగే వాదన అది.

కాకినాడ సోదరికి నేను చెప్పగలిగింది ఇది. అమ్మాయి చేత రెండు ప్రశ్నలు అడిగించండి. తీసుకుంటున్నది ఏ దారిలో? బదిలీ షరతు ఏమిటి? ఇంకొకటి: 2022 జులై నుంచి, 300 మందికి మించి సిబ్బంది వున్న జపాను కంపెనీలన్నీ తమ దగ్గర ఆడవాళ్ళ జీతం మగవాళ్ళ జీతంలో నూటికి ఎంతో ప్రకటించాలని నియమం వచ్చింది. ఆ అంకె చూడమనండి. పెళ్ళి సంబంధానికి అటు ఏడు తరాలూ ఇటు ఏడు తరాలూ విచారిస్తామే, జీతమిచ్చే ఇంటి సంగతి విచారించడంలో తప్పేముంది?

ఇప్పుడు మన సంగతి. దేశంలో తొలి మహిళా విదేశాంగ అధికారి సి.బి. ముత్తమ్మ 1949లో చేరినప్పుడు, పెళ్ళయితే రాజీనామా ఇస్తానని రాసి ఇవ్వవలసి వచ్చింది. సుమితోమోవారి కాగితానికీ దీనికీ భాష తేడా, అంతే. పెళ్ళి కావాలంటే ప్రభుత్వం అనుమతి తీసుకోవాలన్న నిబంధన మీద ఆవిడ వేసిన దావాలో 1979లో సుప్రీంకోర్టు ప్రభుత్వాన్ని గట్టిగానే మందలించింది. నిసాన్ తీర్పు వచ్చిన 1981లోనే మన సుప్రీంకోర్టు ముందు ఎయిరిండియా హోస్టెస్‌ల కేసు వుంది. ముప్పై అయిదేళ్ళకు రిటైరు కావాలి. చేరిన నాలుగేళ్ళలోపు పెళ్ళయితే ఇంటికి. మొదటి కాన్పయితే ఇంటికి. కాన్పు షరతును కోర్టు కొట్టేసింది. విమానంలో అదే నడవలో తిరిగే మగ ఉద్యోగులతో పోల్చమంటే మాత్రం, వారి తరగతి వేరు, వీరి తరగతి వేరు అంది. రెండు దారులు చూశారా?

అందుకే నాకు ఆడ్రీ డికోస్టా అంటే గౌరవం. బొంబాయిలో మెకినన్ మెకంజీ అనే ఓడల కంపెనీలో ఆవిడ స్టెనోగ్రాఫరు. మగ స్టెనోలకు ఎక్కువ, ఆడ స్టెనోలకు తక్కువ. అదేమంటే, వీళ్ళు ఆఫీసర్ల దగ్గర వుండే ఆంతరంగిక స్టెనోలు, ఆ ఉద్యోగం వేరు అన్నారు. ఆంతరంగికం అయితే జీతం ఎక్కువ వుండాలి గాని తక్కువేమిటో! 1987లో సుప్రీంకోర్టు ఆవిడ పక్షాన తీర్పిచ్చింది. టైపు మిషను మీద వేళ్ళు ఆడడంలో పేరు తేడాలు చెల్లవంది.

ఆవిడ గెలిచింది 1976లో వచ్చిన సమాన వేతన చట్టం కింద. ఆ చట్టంలో ఒక మాట వుంది: ఒకే పని, లేదా ఒకే తరహా పని చేసే ఆడా మగా మధ్య తేడా చూపరాదు. 1951లో అంతర్జాతీయ కార్మిక సంస్థ చేసిన ఒడంబడికలో మాట వేరు: సమానమైన విలువగల పనికి సమాన వేతనం. దాన్ని మనం 1958లోనూ, జపాను 1967లోనూ ఒప్పుకుని సంతకాలు పెట్టాం. "ఒకే తరహా"కీ "ఒకే విలువ"కీ మధ్య ఎంత దూరం వుందో స్టెనోలకు తెలియదు, ఎందుకంటే వాళ్ళ పక్క కుర్చీలో మగ స్టెనో వున్నాడు. అడ్డతీగల పొలంలో పక్క కుర్చీ లేదు. 2019లో చేసి, 2025 నవంబరు 21 నుంచి అమలుకు తెచ్చిన వేతనాల స్మృతిలో పాత చట్టం కలిసిపోయింది గాని, ఆ "ఒకే తరహా" మాట అలాగే నిలిచింది.

పక్క కుర్చీ లేదన్నానే, దాని అర్థం ఇది. ఆ వైపు పొలాల్లో నాట్లు, కలుపు, జీడితోటల్లో పిక్కలేరడం ఆడకూలి. దున్నడం, గట్లు పెట్టడం, మందు కొట్టడం మగకూలి. రెండింటికీ రెండు రేట్లు. అలాంటి చోట ఆడమనిషి ఏ మగవాడితో పోల్చుకుని దావా వేస్తుంది? గుంటూరు మిర్చి దగ్గర తొడిమలు తీసే వందలాది ఆడవాళ్ళ పక్కనా తొడిమ తీసే మగవాడు లేడు.

మా పినతల్లి కూతురి ఇంటి పక్కన ఒక రిటైరైన మాస్టారున్నారు. నా గొడవ విని, "ఏమ్మా, మీ పట్నాల జబ్బు ఇక్కడ వెతుకుతారేం? వీళ్ళలో ఆడా మగా తేడా లేదు. కట్నం లేదు, ఓలి ఇచ్చి పిల్లను తెచ్చుకుంటారు. మొగుడు పోతే మారుమనువు వుంది. సంతకు ఆడదే వస్తుంది, బేరం ఆడదే చేస్తుంది" అన్నారు. ఆయన అన్నవన్నీ నిజాలే. కొండరెడ్ల, కోయల ఇళ్ళలో ఆడపిల్ల పుట్టిందని మనలాగా మొహాలు ముడుచుకోరు. "అయితే మాస్టారూ, ఓలి దేనికిస్తారు?" అన్నాను. "పుట్టింటికి ఒక పనిచేసే చెయ్యి తగ్గిపోతుంది కదమ్మా, దానికి" అన్నారు. చూశారా, ఇల్లు మారేటప్పుడు ఆ చేతికి విలువ కట్టడం అందరికీ తెలుసు. కలుపు తీసేటప్పుడే తెలియదు. మగవాడిది బరువు పని అని ఆయన ఇంకో మాటన్నారు. బరువే కొలమానమైతే, నీళ్ళ బిందెలూ కట్టెల మోపులూ తూకం వేసి చూడమన్నాను. మాస్టారు మంచివారు, నవ్వి కాఫీ తెప్పించారు. కాఫీ తెచ్చింది వారి కోడలు.

ఆకు సంగతిలో ఇంకో పక్క కూడా చెప్పాలి, లేకపోతే అన్యాయమవుతుంది. సంతలో ఆవిడ చివర్లో ఒక మాటంది. "ఆకు డబ్బులు నా సేతికే వత్తాయండి. ఎవడూ నామీద అరవడు." మేస్త్రీ లేడు, గడియారం లేదు, పిల్లకు జ్వరమొస్తే అడవి ఏమీ అనదు. జపానులో దుకాణంలో సగం రోజు పనిచేసే తల్లులూ ఇదే చెబుతారు. వాళ్ళకు తెలియకేం, తెలిసే చేస్తారు. ఇంట్లో మిగిలిన గంటలు ఎవరూ పంచుకోనప్పుడు, వంగే పనిని ఎంచుకోక ఏంచేస్తారు? 2024 సర్వేలో మన దేశంలో జీతంలేని ఇంటిపని చేసినవారిలో ఆడవాళ్ళు దానికి రోజుకు 289 నిమిషాలు, మగవాళ్ళు 88 నిమిషాలు పెడుతున్నారని తేలింది. మన ఇళ్ళలో ఆ 88 ఎక్కడుందో వెతకండి! జపాను మగవాళ్ళు ఇంకా ఘనులు: అక్కడి లెక్క ప్రకారం ఆడవాళ్ళు 224 నిమిషాలకు వారు 41.

కూలి సమానమైతే ఏమవుతుందో ఆ కొండలు ఒకసారి చూశాయి. 2006లో అనంతపురం జిల్లా బండ్లపల్లిలో మొదలై రాష్ట్రమంతా పాకిన ఉపాధి హామీ పనుల్లో ఆడకూలి, మగకూలి అన్న రెండు రేట్లు లేవు. మస్టరులో ఎవరి పేరు వారిది, ఖాతా ఎవరిది వారిదే. 2025–26కు మన రాష్ట్రంలో రోజు కూలి 307 రూపాయలు, ఇద్దరికీ. కొలతను బట్టి చేతికి అంతకన్నా తక్కువ వచ్చేదన్న సణుగుడు వుంది, డబ్బు ఆలస్యంగా పడుతుందన్న ఏడుపూ వుంది. అయినా మన రాష్ట్రంలో ఆ పనులకు వచ్చినవారిలో ఆడవాళ్ళదే పైచెయ్యి. చట్టం మూడోవంతు చాలంది, వాళ్ళు సగం దాటారు. 2025 డిసెంబరులో పార్లమెంటు ఆ చట్టం స్థానంలో మరొకటి చేసింది. మట్టి తవ్వడం మగపని అని పుట్టుకతో వచ్చిన రాత ఏదీ లేదని మాత్రం ఆ ఇరవై ఏళ్ళలో తేలిపోయింది.

మరి ప్రభుత్వమే యజమాని అయితే? కొండమీద పసిపిల్లల తూకం చూసేదీ, బాలింతకు గుడ్డూ పాలూ ఇచ్చేదీ అంగన్‌వాడీ అమ్మాయి. వాగు పొంగితే నిండు చూలాలిని గట్టు దాటించడానికి వెంట నడిచేది ఆశా కార్యకర్త. యీ రెండు ఉద్యోగాలూ ఆడవాళ్ళకే. మొదటిది 1975లోనూ రెండోది 2005లోనూ మొదలయ్యాయి. వాళ్ళకు ఇచ్చేదాన్ని జీతం అనరు, గౌరవ వేతనం అంటారు. జీతమంటే ప్రావిడెంటు ఫండు, పెన్షను, గ్రాట్యుటీ వెంట వస్తాయి. గౌరవం వెంట అవి వాటంతట అవి రావు. 2023 డిసెంబరు 12న మన రాష్ట్రంలో అంగన్‌వాడీలు సమ్మెకు దిగినప్పుడు కార్యకర్తకు నెలకు 11,500, ఆయాకు 7,000 వుండేది. నలభై రెండు రోజులు కూర్చున్నారు. మధ్యలో ప్రభుత్వం వారిమీద ఎస్మా ప్రయోగించింది. ఎస్మా అంటే అత్యవసర సర్వీసుల చట్టం. నాకు అర్థంకానిది ఇదే. జీతం అడిగితే స్వచ్ఛంద సేవకులు, పని ఆపితే అత్యవసర ఉద్యోగులు! గ్రాట్యుటీకి అంగన్‌వాడీలు అర్హులేనని సుప్రీంకోర్టు 2022 ఏప్రిల్లో గుజరాత్ కేసులో చెప్పింది. తీర్పు ఢిల్లీ నుంచి కొండ ఎక్కడానికి ఎన్ని సంతలు పడుతుందో.

ఆకు కట్టలు కొనడానికి గిరిజన సహకార సంస్థ 1956 నుంచి వుంది. చింతపండు, కుంకుళ్ళు, తేనె, కరక్కాయ, కొండచీపుళ్ళు, తపసి జిగురు—వీటన్నిటికీ షావుకారు చెప్పిందే ధర కాకుండా ఒక ప్రకటించిన ధర వుండాలని పెట్టిన సంస్థ అది. మంచి పనే. తూకంలో మోసం తగ్గించగలదు. కట్ట వెనక ఎన్ని గంటలున్నాయో చూసి ధర కట్టే అలవాటు మాత్రం ఆ సంస్థకే కాదు, ఎవరికీ లేదు. 2006 అటవీ హక్కుల చట్టం చిన్నతరహా అటవీ ఫలసాయం ఏరుకునేవారిదేనంది. పోడు భూమికి ఇచ్చే పట్టాలో భార్యా భర్తా ఇద్దరి పేర్లూ వుండాలని కూడా రాసింది. మన డాబా ఇళ్ళ దస్తావేజుల్లో ఎన్నిటిలో ఇల్లాలి పేరుందో చెప్పండి చూద్దాం. ఆ పట్టా ఒకటి అక్కడ చూశాను. ప్లాస్టిక్ కవరులో పెట్టి, గోడకు దేవుడి పటం పక్కన తగిలించారు. అందులో తన పేరు మీద వేలు పెట్టి చూపించిన ఆవిడకు చదవడం రాదు, పేరు ఏ వరసలో వుందో మాత్రం తెలుసు.

స్త్రీ పురుషుల సమానత్వంలో దేశాలకు వరసలు కట్టే ఒక పట్టిక 2025లో 148 దేశాలకు వేస్తే జపాను 118, మనం 131. వరసలో అటూ ఇటూ నిలబడి ఒకరినొకరు చూసి ఊరడిల్లే దూరంలోనే వున్నాం.

ఇక మీకొక పని చెబుతాను. మీ ఊళ్ళో, మీ పేటలో, మీ తోటలో ఏ పనికి ఆడకూలి ఎంత, ఏ పనికి మగకూలి ఎంత, రోజుకా, కట్టకా, కుంచానికా, కిలోకా—అడిగి తెలుసుకుని రాయండి. అంట్లుతోమే మనిషికీ, కారు తుడిచే కుర్రవాడికీ గంటకెంత పడుతోందో కూడా లెక్కవేసి రాయండి. ఊరి పేరు, పని పేరు, కూలి, పట్టే గంటలు చాలు. మనుషుల పేర్లు వద్దు. పోస్టుకార్డు సరిపోతుంది.